అల్లుడి ప్యాంటులో ఎంత గుడ్డ ఉంది

నేను కుట్టిన ప్యాంట్లు వేసుకుని చాలామంది పెద్దవాళ్లయ్యారు. గొప్పకి చెప్పడం లేదు. మా కంపెనీలో ఎవరు ఏ పదవిలోకి వెళ్లాలన్నా ముందు నా దగ్గరికి రావాలి. పదవి మారితే గుడ్డ రంగు మారుతుంది కదా. కాపలావాళ్లకి ఒక రంగు, వంటవాళ్లకి ఒక రంగు, లిఫ్టులు చూసేవాళ్లకి ఒక రంగు, వీళ్లందరి మీదా అజమాయిషీ చేసేవాళ్లకి బూడిద రంగు. బూడిద రంగు ప్యాంటుకి కొలతలివ్వడానికి వచ్చినవాడు పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడతాడు. కొన్నాళ్లకి అదే పొట్ట చేత్తో పట్టుకుని మళ్లీ వస్తాడు, నడుము వదులు చెయ్యమని. ఎదుగుదల అంటే నాకు తెలిసినంతవరకు అదే.

మాది మనుషుల్ని పంపే కంపెనీ. పెద్ద పెద్ద భవనాలకి కాపలావాళ్లు, వంటవాళ్లు, తోటమాలులు, తుడిచేవాళ్లు, ఎవరు కావాలన్నా మా దగ్గర నుంచే వెళతారు. కంపెనీ భవనం చాలా ఎత్తు. కుట్టుగది మాత్రం నేల కింద, కార్లు నిలిపే చోటు పక్కన. గోడకి పైన ఒక జాలీ ఉంటుంది. అందులోంచి రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్లు కనిపిస్తాయి. ప్యాంటు మడత చూసి అది ఎవరి కాలో చెప్పేవాళ్లం నేనూ, కాజాలక్కా. ఆవిడ కాజాలు తీసి గుండీలు కుడుతుంది కాబట్టి అందరూ కాజాలక్క అనేవాళ్లు. నాకంటే చిన్నదే అయినా నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆవిడ నన్ను మాస్టారూ అనేది. ఆవిడ సూది కంటే నోరు పదును.

మా అల్లుడు అదే భవనంలో లిఫ్టు మెకానిక్కు. సన్నటి మనిషి. లిఫ్టు కింద గుంటలోకి దిగాలన్నా, లిఫ్టు పైకప్పు మీద ఒదిగి కూర్చోవాలన్నా అతని ఒళ్లు దానికే పోతపోసినట్టుంటుంది. మాటలు తక్కువ. లిఫ్టు తలుపుకి చెవి ఆనించి కాసేపు వింటాడు, తర్వాత ఎక్కడ నూనె వెయ్యాలో అక్కడ ఒక చుక్క వేస్తాడు. మా అమ్మాయి అనేది, "నాన్నా, ఈయన నా మాటలు కూడా అంత శ్రద్ధగా వింటే నేనెందుకు అరుస్తాను?" అని.

ఇక్కడ నా పని పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా దాంట్లోంచే వచ్చింది. గుడ్డ చుట్టని మేం తాను అంటాం, అది ఎప్పుడూ లెక్కకి సరిపోదు. వరసగా కత్తిరించుకుంటూ పోతే చివర్లో కాస్త ముక్క మిగులుతుంది. ఇంకో ప్యాంటుకి అది చాలదు. పారెయ్యడానికి మనసు రాదు. అందుకని తాను చివర్లో ఎవరి ప్యాంటు పడితే వాళ్ల కుట్టుల లోపల ఆ మిగులంతా మడిచి వదిలేస్తాను. రేపు ఒళ్లు వస్తే విప్పుకుంటారు. మిగతావాళ్లకి మామూలుగా ఒక వేలు వెడల్పు వదులుతాను. తాను చివర ఎవరు పడతారన్నది నా చేతిలో లేదు, వాళ్ల చేతిలో లేదు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. అప్పుడూ అదే చెప్పాను.

కంపెనీలోకి ఒకాయన కొత్తగా వచ్చాడు. ఉద్యోగుల ఎదుగుదల చూసే అధికారి అట. మా అందరినీ పై అంతస్తులో భోజనాల హాలులో కూర్చోబెట్టి, బోర్డు మీద మెట్లు గీశాడు. మెట్టుకో మనిషిని గీశాడు. కింది మెట్టు మీద మనిషి మూతి వేలాడేశాడు. పై మెట్టు మీద మనిషి నవ్వుతున్నాడు. ఆ తర్వాత ఏ మీటింగు పెట్టినా ముందు మెట్లే గీసేవాడు. అందుకని ఆయనకి మెట్లాయన అని పేరు పడిపోయింది.

"ఏడాదికి ఒక మెట్టు," అన్నాడు మెట్లాయన. "ఎవరైనా సరే. ఏడాదంతా అదే మెట్టు మీద నిలబడినవాళ్లకి ఇక్కడ చోటు లేదు. ఒకే పని పట్టుకుని కూర్చుంటే మనిషి తుప్పు పట్టిపోతాడు. కాపలావాళ్లు వంట నేర్చుకోవాలి. వంటవాళ్లు లెక్కలు నేర్చుకోవాలి. పక్క పని తెలిస్తేనే పైకి వెళతారు."

కాజాలక్క చెయ్యెత్తింది. "సార్, కాజాలు కుట్టేవాళ్లకి పై మెట్టు ఏంటి?"

మెట్లాయన కాస్త ఆలోచించాడు. "జిప్పులు," అన్నాడు.

"జిప్పుల తర్వాత?"

"అది వచ్చే ఏడాది చూద్దాం."

తర్వాత ఒక్కొక్కరినీ లేపి నీ పై మెట్టు ఏంటని అడగడం మొదలెట్టాడు. మా అల్లుడి వంతు వచ్చింది. అతను లేచి, గోళ్లలో గ్రీజు చూసుకుంటూ, "లిఫ్టు పని చేస్తుండగా మెట్లతో పనేముంది సార్," అన్నాడు. వెటకారం అతనికి రాదు. ఉన్న మాట అన్నాడంతే. హాలంతా పడి పడి నవ్వింది. మెట్లాయన నవ్వలేదు. అల్లుడి ముఖం గుర్తుపెట్టుకునేలా ఒక చూపు చూశాడు. 

ఆ రోజుల్లోనే గేటు దగ్గర కూర్చునే కాపలాదారుకి ప్యాంటు చిరిగింది. భారీ మనిషి. కుర్చీలోంచి లేస్తుంటే వెనకాల పర్రుమంది. ఇంటికెళ్లి భార్యకిస్తే ఆవిడ కుట్టు విప్పింది. లోపల నాలుగు వేళ్ల గుడ్డ. తాను చివర్లో పడ్డ ప్యాంటు అది. ఆ వారంలోనే పాత హెడ్డు మానేసి పోవడంతో గేటాయన్ని కాపలావాళ్లకి హెడ్డుని చేశారు. ఆవిడ రెండూ కలిపి చూసింది. "టైలరు మాస్టరుకి ముందే తెలుసండీ," అందట. "ఈయన పెద్దవాడవుతాడని లోపల గుడ్డ వదిలిపెట్టాడు."

నా ఖర్మ కొద్దీ, తాను చివర్లో పడ్డ ఇంకో ప్యాంటు పెద్ద వంటమనిషిది. అతన్ని సరుకుల కొనుగోళ్లు చూసే పదవిలోకి ఎక్కించారు. దాంతో మేం తినే కూరలో ఉప్పు పోయింది. అది వేరే సంగతి. కంపెనీలో మాత్రం ఇక ఎవరికీ అనుమానం లేదు.

మర్నాటి నుంచి కుట్టుగది ముందు జనం. ఒకడు తలుపు ఓరగా తీసి, "మాస్టారూ, ఊరికే అడుగుతున్నాను, నాది ఎంతుంటుంది?" అనేవాడు. ఇంకొకడు కాలు చాపి కుర్చీ మీద పెట్టి కుట్టు తడుముకునేవాడు. లెక్కలు రాసే గుమాస్తా ఒకతను బాత్రూములో ప్యాంటు తిరగేసి చూసుకుని, లోపల ఒక్క వేలే ఉందని సెలవు పెట్టి వెళ్లిపోయాడు. భోజనాల దగ్గర ఒకరి నడుము పట్టీ ఇంకొకరు గిల్లి చూసుకోవడం. రెండు వేళ్లున్నవాళ్లు వేలున్నవాళ్లతో కలిసి తినడం మానేశారు.

"చెప్పెయ్యండి మాస్టారూ, అది తాను మిగులని," అంది కాజాలక్క.

"చెప్పానే. ఎవరూ నమ్మడం లేదు."

"మీరు మరీ నిజంలా చెబుతున్నారు. అందుకే నమ్మడం లేదు."

ఒకరోజు మెట్లాయన నుంచి కబురొచ్చింది. తిడతాడనుకుని మెడలో టేపు కూడా తియ్యకుండా వెళ్లాను. ఆయన తలుపు మూసి, నన్ను కూర్చోమన్నాడు. ఆ గదిలో కుర్చీ మెత్తగా ఉంది. కూర్చుంటే లేవడం కష్టం.

"ఎలా తెలుస్తుంది మీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏది సార్?"

"ఎవరు పైకొస్తారో."

"సార్, అది తాను చివర్లో మిగిలే గుడ్డ. ఎవరిది చివర పడితే వాళ్లకి..."

"వద్దు, చెప్పకండి." చెయ్యెత్తి ఆపాడు. "పని రహస్యం. గౌరవిస్తాను. ఇన్నేళ్లుగా మనుషుల్ని కొలుస్తున్నారు. మనిషి లోపల ఏముందో మీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"లోపల గుడ్డే ఉంది సార్."

"అదే. దాన్నే మేం పొటెన్షియల్ అంటాం."

నేనేం చెప్పినా ఆయన తల మెల్లగా ఊపుతున్నాడు, చిన్నపిల్లాడి మాటలకి పెద్దవాళ్లు ఊపినట్టు. చివరికి ఆయనే చెప్పాడు. ఈసారి పదవుల పంపకానికి ముందు అందరి కుట్టులూ కొలుస్తారట. నేను టేపు పట్టాలట, ఆయన పక్కన నిలబడి చూస్తాడట. మూడు వేళ్లు దాటితే అజమాయిషీ. రెండు వేళ్లయితే ఒక మెట్టు. ఒక వేలుంటే ఆలోచిస్తారు. అంతకంటే తక్కువైతే ఆ మనిషిలో ఇక ఎదగడానికేం లేదని అర్థం. అలాంటివాళ్లని కంపెనీ మంచి మాటలు చెప్పి పంపించేస్తుంది.

నేను మెట్లాయన గదిలోంచి బయటపడి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద దిగిపోయాను. ఎందుకంటే అల్లుడి ప్యాంటులో ఎంత గుడ్డ ఉందో నాకు తెలుసు.

ఏమీ లేదు. పెళ్లయిన దగ్గర నుంచి అతని ప్యాంటు ఒక్కటి మాత్రం నేను తానుకి వదిలిపెట్టలేదు. మంచి మధ్య గుడ్డ ఏరి, విడిగా కత్తిరించేవాణ్ని. అల్లుడు కదా. కుట్టు పక్కన గుడ్డ దారం దాకా కోసేసి, ఇస్త్రీ పెట్టి అణిచేసేవాణ్ని. ఒంటికి తొడుక్కున్నాక చర్మంలా ఉండేది. ఇంకో కారణం కూడా ఉంది. గుంటలోకి దిగే మనిషి. లోపల మడతలుంటే ఏ చక్రంలోనో చిక్కుకుంటుందని నా భయం. ఆ భవనంలో నేను ప్రాణం పెట్టి కుట్టిన ప్యాంటు అదొక్కటే. ఇప్పుడు దాని మూలంగానే అతని ఉద్యోగం పోయేలా ఉంది.

సాయంత్రానికల్లా మా అమ్మాయి కుట్టుగదికి వచ్చేసింది. వెనకాలే అల్లుడు. అమ్మాయి నేరుగా నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"నాన్నా, ఈయన ప్యాంటులో ఎంత గుడ్డ ఉంది?"

నేను కత్తెర సర్దుతున్నాను.

"నిన్నే అడుగుతున్నాను. ఎంతుంది?"

"అంత చక్కటి కుట్టు ఈ భవనంలో ఇంకెవరికీ లేదమ్మా."

"గుడ్డ ఎంతుంది నాన్నా?"

"లేదు," అన్నాను.

 అమ్మాయి కాజాలక్క వైపు తిరిగింది. "విన్నావా అక్కా? గేటు దగ్గర నిద్రపోయేవాడికి నాలుగు వేళ్లు. కూరలో ఉప్పు పట్టుకుపోయినవాడికి నాలుగు వేళ్లు. సొంత అల్లుడికి ఈకంత కూడా లేదు."

"ప్రేమ ఎక్కువైతే అంతే," అంది కాజాలక్క దారం కొరుకుతూ.

అల్లుడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "మామయ్యా, మీరు బాధపడకండి. నాకు పై మెట్టు వద్దు. నా లిఫ్టులు నాకుంటే చాలు."

"చాలంటే ఉంచుతారా?" అంది అమ్మాయి. "ఎక్కకపోతే గెంటేస్తారు. ఆయన బోర్డు మీద గీసి మరీ చెప్పాడు. నువ్వు ఆయన ముందు తెలివితేటలు చూపించావు. నిన్నే ముందు పంపిస్తాడు."

"ఎక్కినా లిఫ్టులు ఉండవుగా," అన్నాడు అల్లుడు.

"జీతం ఉంటుంది. మనం ఉంటాం."

 ఉద్యోగం పోతే అతనికి ఇంకోటి దొరకదని కాదు. ఈ లిఫ్టుల్ని అతను పెంచుకున్నాడు. ఒక్కోదాని దగ్గు అతనికి తెలుసు. కానీ ఇంట్లో పిల్లలున్నారు, అద్దె ఉంది, అమ్మాయి చెప్పేదాంట్లోనూ తప్పు లేదు. నేను అతని ప్యాంటు తెచ్చివ్వమన్నాను.

కుట్టు విప్పి, చెత్తబుట్టలోంచి అదే రంగు ముక్కలు ఏరి, రెండు పక్కలా లోపల అతికించడం మొదలెట్టాను. రెండు వేళ్లు వేసి ఆపాను.

"ఇంకొంచెం వెయ్యి," అంది అమ్మాయి.

"రెండు వేళ్లంటే ఒక మెట్టు. గండం గడుస్తుంది. చాలమ్మా."

"గేటాయన భార్య నన్ను చూసి మొన్న ముక్కు చిట్లించింది. వెయ్యి."

నాలుగు వేళ్లు వేశాను. "దానికంటే ఎక్కువ ఉండాలి," అంది. మిషను తొక్కుతూ పోయాను. నాకూ ఒక పంతం వచ్చింది. అల్లుడికి ఏమీ వదల్లేదన్న మాట చెవిలో గుచ్చుకుంటోంది. పని ముగించేసరికి లోపల జానెడు గుడ్డ ఉంది. ప్యాంటు బల్ల మీద పెడితే దానంతటది నిలబడింది.

కాజాలక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "దీనికి మనిషి అక్కర్లేదు మాస్టారూ. పొద్దున్నే తలుపు తీస్తే ఇదే వెళ్లి పదవి తెచ్చుకుంటుంది."

కొలతల రోజు హాలంతా నిండిపోయింది. ఒక్కొక్కరూ వచ్చి బల్ల ముందు నిలబడుతున్నారు. నేను అంచు తిరగేసి టేపు పెడుతున్నాను. మెట్లాయన వంగి చూసి పైకి చదువుతున్నాడు. గేటాయన నాలుగు వేళ్లు అనిపించుకుని ఛాతీ విరుచుకుని వెళ్లాడు. తోటమాలి ఒకతను, అతనికి రెండు వేళ్లు. అంతకుముందు ఏ తాను చివరో పడి ఉంటాడు, నాకే గుర్తు లేదు.

అల్లుడు వచ్చాడు. కాళ్లు విరిగి కట్లు కట్టించుకున్నవాడిలా రెండు కాళ్లూ ఎడంగా వేసుకుంటూ వచ్చాడు. మెట్లాయన అతన్ని చూడగానే ముఖం గట్టిగా పెట్టుకున్నాడు. పంపించేసే మంచి మాటలు అప్పటికే నోట్లో సిద్ధంగా పెట్టుకున్నట్టున్నాడు. నేను అంచు తిరగేశాను. మెట్లాయన వంగాడు. మళ్లీ వంగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"జానెడు," అన్నాడు.

 గేటాయన అలవాటు కొద్దీ లేచి సెల్యూట్ చేశాడు.

ఆయన పెట్టిన లెక్క ఆయన కాదనలేడు కదా. మూడు వేళ్లకే అజమాయిషీ అని ఆయనే చెప్పాడు. జానెడుకి ఏమివ్వాలో ఆలోచించడానికి పైవాళ్లంతా ఒక పూటంతా తలుపులు వేసుకుని కూర్చున్నారు. చివరికి మెట్లాయన పక్క గదే ఇచ్చారు. తలుపు మీద పెద్ద బోర్డు, అన్ని శాఖల ఎదుగుదల పర్యవేక్షకుడు అని. మా అమ్మాయి ఆ బోర్డుకి ఫోటో తీయించి తెచ్చుకుంది.

అల్లుడికి బూడిద రంగు ప్యాంటు కుట్టాను. కొలతలిస్తున్నప్పుడు అతను పొట్ట పీల్చుకోలేదు. పీల్చడానికి పొట్ట లేదు.

"గదిలో ఏం చేస్తావు బాబూ?" అని అడిగాను.

"ఇంకా ఎవరూ చెప్పలేదు మామయ్యా. గంట ఉంది. నొక్కితే ఒకతను వస్తాడు. ఏం కావాలని అడుగుతాడు. నాకేం వద్దని చెబుతాను. వెళ్లిపోతాడు."

లిఫ్టుల పని ఒక మెట్టు ఎక్కిన తోటమాలికి అప్పగించారు. పక్క పని నేర్చుకోవాలి కదా. మంచివాడే పాపం. పొద్దున్నే వచ్చి, మొక్కలకి నీళ్లు పోసినట్టు, లిఫ్టులో కనిపించిన ప్రతిదానికీ సమానంగా నూనె పోసేవాడు. ముందు ఒక లిఫ్టు మూలగడం మొదలెట్టింది. తర్వాత ఇంకోటి అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగి ఆలోచనలో పడేది. జనం మెట్లెక్కడం మొదలెట్టారు. మెట్లాయన కూడా ఎక్కేవాడు. ప్రతి మలుపు దగ్గరా రెయిలింగు పట్టుకుని నిలబడి, ఎవరైనా చూస్తే ఫోను మాట్లాడుతున్నట్టు నటించేవాడు. మా జాలీలోంచి పొద్దున్నే వచ్చేవాళ్ల కాళ్లు చూస్తే తెలిసేది, భవనం ముందుకొచ్చాక అందరి నడకా నెమ్మదించేది.

అల్లుడు ఇంట్లో అన్నం సరిగ్గా తినడం మానేశాడు. అమ్మాయిని చుట్టుపక్కలవాళ్లు మేడమ్ అంటున్నారు. ఆ మాటకి ఆమె నడకే మారిపోయింది. "ఈయనకేమో చెప్పుకోవడం చేతకాదు నాన్నా," అనేది. "నా భర్త ఫలానా అని నేనే చెప్పుకోవాల్సి వస్తోంది." అతను పక్కనే కూర్చుని వింటూ ఉండేవాడు. ఒకసారి అడిగాడు నన్ను, "మామయ్యా, రెండో లిఫ్టు పైకెళ్లేటప్పుడు టక్కుమంటోందా, టకటకమంటోందా?" అని. గదిలో తలుపు మూసేస్తారట, అతనికి సరిగా వినబడడం లేదట.

ఒక మధ్యాహ్నం పై అంతస్తులో పెద్దవాళ్లందరి మీటింగు. అల్లుడు కూడా ఉన్నాడు. మెట్లాయన బోర్డు మీద మెట్లు గీస్తున్నాడు. అదే సమయానికి కాజాలక్క యూనిఫాముల మూట పట్టుకుని లిఫ్టులో పైకి బయల్దేరింది. నేను వద్దన్నాను. మోకాళ్ల నొప్పులతో అన్ని మెట్లు ఎక్కలేనంది. సగంలో లిఫ్టు ఆగిపోయింది. లైటు పోయింది. ఎంత నోరున్నా చీకట్లో కాజాలక్క నోరు కూడా చిన్నదైపోయిందట. తలుపు మెల్లగా తడుతూ, "ఎవరైనా ఉన్నారా?" అంటూ ఉందట.

మీటింగులో అందరికీ ఆ చప్పుడు వినబడింది. తోటమాలిని పిలవమన్నాడు మెట్లాయన. తోటమాలి నూనె డబ్బాతో వచ్చి లిఫ్టు తలుపు ముందు నిలబడి, చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచిస్తున్నాడు. అల్లుడు కుర్చీలోంచి లేచాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మెట్ల మీద కిందికి దిగి, బూడిద రంగు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గుంటలోకి దిగిపోయాడు.

కాసేపటికి లిఫ్టు కదిలింది. కాజాలక్క పైకి వెళ్లకుండా కింద మా కుట్టుగది దగ్గరే దిగింది. మూట అక్కడే నేల మీద పెట్టి దాని మీద కూర్చుంది. వెనకాలే గుంటలోంచి అల్లుడు పైకొచ్చాడు. ముఖమంతా నలుపు. ప్యాంటు ఏ రంగుదో చెప్పలేం. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో పళ్లు కనిపించాయి.

"టకటక కాదు మామయ్యా," అన్నాడు. "టక్కుమంటోంది. బేరింగు అరిగిపోయింది."

మర్నాడు విచారణ. అధికారి హోదాలో ఉన్నవాడు మీటింగు వదిలేసి గుంటలోకి దిగడం సంస్థ పరువుకి భంగమన్నారు. నన్ను కూడా పిలిపించారు, ప్యాంటు పాడైంది కాబట్టి. మెట్లాయన బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎక్కేవాళ్ల గురించి ఆయన అన్నీ రాసుకున్నాడు. ఎక్కనివాళ్ల గురించీ రాసుకున్నాడు. ఎక్కి దిగినవాళ్లని ఏం చెయ్యాలో ఎక్కడా రాసుకోలేదు.

"ఇతన్ని పంపించెయ్యొచ్చా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

"కుదరదు సార్," అన్నాడు మెట్లాయన నీరసంగా. "ఈ ఏడాది మెట్టు ఎక్కేశాడు. రూలు ప్రకారం లెక్క సరిపోయింది."

"అయితే శిక్ష వెయ్యండి. మళ్లీ లిఫ్టు పనికే పంపండి. బుద్ధొస్తుంది."

"సరే సార్," అన్నాడు అల్లుడు. అంత వేగంగా అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మెట్లాయనకే ఎక్కడో మనసు కలుక్కుమన్నట్టుంది. "మీకు అన్యాయం జరిగిందనిపిస్తే రేపు సాయంత్రం లోపల నా గదికి వచ్చి చెప్పుకోవచ్చు. మీవాళ్లయినా రావచ్చు. పదవి తిరిగి ఇవ్వడానికి అవకాశం ఉంది," అన్నాడు.

ఆ మాట ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. అల్లుడు చెప్పలేదు. నేనే నోరు జారాను.  మా అమ్మాయి పొద్దున్నే లేచి మంచి చీర కట్టుకుంది.

"పద నాన్నా. నేను మాట్లాడతాను ఆయనతో."

"అమ్మా, అతనికి ఇష్టమైన పని..."

"ఇష్టం సంగతి ఇంటి దగ్గర చూసుకుందాం. వచ్చే ఏడాది మళ్లీ మెట్టు అంటారు. అప్పుడు ఏం చేస్తాడు? నలుగురిలో నేనేం చెప్పుకోను? ఆ గది తిరిగి ఇప్పించేదాకా నేను కదలను."

అల్లుడు అప్పటికే పనిలోకి వెళ్లిపోయాడు. వాకిట్లోంచి వెళ్లేటప్పుడు ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నా వైపు ఒకసారి చూశాడు గానీ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఆమెను ఆపేవాణ్నేమో.

భవనం దగ్గరికి వచ్చాక అమ్మాయి మెట్ల వైపు నడిచింది. లిఫ్టు పని చేస్తోందని చెప్పాను. అన్నిసార్లు కుట్టుగదికి వచ్చింది గానీ ఆమె ఎప్పుడూ ఆ లిఫ్టు ఎక్కలేదు. మేం ఎక్కేసరికి లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. ఫైళ్లు మోసే ఆవిడ ఒకామె, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ఒకాయన, కూరల బుట్టతో వంటగది మనిషి, లెక్కల గుమాస్తా. మా అమ్మాయి ఎవరో వాళ్లకి తెలియదు, కూరల బుట్ట చాటున నిలబడ్డ నన్ను ఎవరూ గమనించలేదు. తలుపులు మూసుకున్నాయి. కాలి కింద చిన్న కదలిక కూడా లేదు. అంకెలు మారుతుంటేనే తెలుస్తోంది పైకి వెళుతున్నామని.

"హమ్మయ్య," అంది ఫైళ్లావిడ. "పాతాయన వచ్చేశాడంట."

"వచ్చేశాడు," అన్నాడు చేతికర్ర పెద్దాయన. "ఇన్నాళ్లూ మెట్లెక్కలేక ఇంట్లోనే పడున్నాను. నిన్న మా అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు, ఇక రావచ్చు నాన్నా అని."

"అసలు అంత పనివాణ్ని పై గదిలో కూర్చోబెట్టింది ఎవరండీ?" అంది ఫైళ్లావిడ.

"ఎవరో ఇంట్లోవాళ్లే పట్టుబట్టారంట," అన్నాడు వంటగది మనిషి బుట్ట సర్దుకుంటూ. "వాళ్లని ఈ లిఫ్టులో ఒక పూట చీకట్లో ఉంచాలి."

నేను పైన లైటు వైపు చూశాను. అమ్మాయి కూడా లైటు వైపే చూస్తోంది. ఆమె చెవులు ఎర్రగా అయ్యాయి.

అంతస్తు అంతస్తుకీ ఒకరూ ఇద్దరూ దిగుతున్నారు. చేతికర్ర పెద్దాయన దిగేటప్పుడు, ఎవరూ చూడడం లేదనుకుని, లిఫ్టు తలుపు చెక్కని అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. మా అమ్మాయి అది చూసింది. చివరికి లోపల మేమిద్దరమే మిగిలాం. పై అంతస్తు వచ్చింది. లిఫ్టు ఆగిన సంగతి కూడా తెలియనంత మెత్తగా ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా మెట్లాయన గది. తలుపు తీసే ఉంది. ఆయన బోర్డు తుడుచుకుంటూ మా వైపు తిరిగి, రండి అన్నట్టు తలూపాడు.

అమ్మాయి ఒక అడుగు వేసింది. మళ్లీ వెనక్కి వేసింది. చీర కొంగు సర్దుకుంది.

"ఏమ్మా?" అన్నాను.

ఆమె మెట్లాయన వైపు చూసి, మర్యాదగా నమస్కారం పెట్టింది.

"ఏం లేదు సార్," అంది. "లిఫ్టు చూద్దామని వచ్చాం."

తర్వాత నా వైపు చూడకుండా, "కిందికి నొక్కు నాన్నా," అంది.